కొత్త గాజు, పాత రాయి

మా రోజుల్లో పెద్ద ట్యాంకు కావాలంటే ముందు చిన్న ట్యాంకులో చేపల్ని ఏళ్ళ తరబడి బతికించి చూపించాల్సి వచ్చేది. ఇప్పుడేమో చిన్నదాంట్లో ఏ తేడా వచ్చినా పెద్దది కొంటే సరిపోతుందనుకుంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి కొడుకు మొన్న 40 గ్యాలన్ల పగడాల ట్యాంకు తీసేసి 120 గ్యాలన్లది పెట్టాడు. మన లెక్కలో 150 లీటర్ల నుంచి 450 లీటర్లకి. మార్చినందుకు నాకు అభ్యంతరం లేదు. వాడి పసుపు టాంగ్ చేప పెరిగితే దాదాపు జానెడవుతుంది. మూడడుగుల గాజుపెట్టెలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరగడానికే దానికి చోటు చాలేది కాదు. శనివారం పొద్దున్న మొదలెట్టి చీకటి పడేసరికి అంతా ముగించేశాడే, అదీ నా బాధ. వారం తిరక్కుండా ఫోన్లో చూపించాడు. టాంగ్ నీటి పైకి వచ్చి నోరు తెరిచి మొప్పలు ఎగరేస్తోంది. కొమ్మ పగడం ఒకటి మొదలు నుంచి పైకి చర్మం ఊడి తెల్లటి ఎముకలా తేలుతోంది. "ఏమైంది తాతా?" అంటాడు. శుక్రవారం అడగాల్సిన మాట కదా నాయనా అది!

నేను వజ్రపుకొత్తూరు మనిషిని. బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. సముద్రం పక్కనే ఉన్నా, ఉప్పునీళ్ళ చేపను ఇంట్లో పెంచుతానంటే మావాళ్ళు నమ్మలేదు. చేపంటే వేట, కూర, మిగిలితే ఇసకలో ఎండబెట్టుకోవడం. "ఈ మాస్టారికి ఇదేటి పని" అనేవారు. అప్పట్లో దొరికే ట్యాంకులన్నీ ఇనప చట్రానికి గాజు పలకలు బిగించి పుట్టీ పెట్టినవి. మంచినీళ్ళకైతే సరే, ఉప్పునీళ్ళకి ఆ ఇనుము చిలుము పట్టి రాలిపోతుంది. అందుకని విశాఖపట్నంలో సిలికాన్‌తో అంటించిన గాజు ట్యాంకు చేయించుకుని, ఒడిలో పెట్టుకుని రైల్లో పలాస దాకా తెచ్చుకున్నాను.

నీళ్ళు ఎప్పుడు తేవాలో కూడా లెక్కుండేది. వానలు పడ్డాయంటే గంగ, మహానది, గోదావరి, మా వంశధార, బారువ దగ్గర కలిసే మహేంద్రతనయ, అన్నీ పొంగి బంగాళాఖాతంలో పడతాయి. ఉప్పు పలచబడుతుంది, నీళ్ళు బురద తిరుగుతాయి. మా ఒడ్డున పగడపు దిబ్బలు లేకపోవడానికి ఆ బురద, ఆ మంచినీళ్ళు, ఈ ఇసక నేల కారణాలే. కాబట్టి ఎండాకాలంలోనే పట్టుకోవాలి. అదీ ఒడ్డున అల విరిగే చోట కాదు. వేటకెళ్ళేవాళ్ళకి క్యాన్లిచ్చి లోపలి నీళ్ళు తెమ్మనేవాణ్ణి. వచ్చిన నీళ్ళని పాత పంచెలో వడకట్టి, మూతపెట్టి, గదిలో చీకటి మూల రెండు వారాల పైన కదపకుండా ఉంచితే అందులోని నలకలాంటి జీవాలన్నీ చచ్చి అడుక్కి దిగుతాయి. పైతేట మాత్రమే ట్యాంకులోకి. చేపలు అలివి వల లాగినప్పుడు దొరికేవి. ఒంటిమీద వంపు చారలున్న చిన్న చేపలు, శంఖంలో కాపురముండే పీతలు. కూరకి పనికిరావని పారేసేవే నాకు ఇచ్చేవారు.

కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. లారీ ట్యూబు ఒకటి పెట్టుకునేవాణ్ణి. పంపుతో గాలి కొట్టి, వాల్వుకి సెలైన్ గొట్టం తగిలించి, గొట్టం మీదుండే చిన్న చక్రాన్ని కొంచెం సడలిస్తే బుడగ బుడగగా గంటల తరబడి గాలి వదిలేది. రాత్రుళ్ళు లేచి మళ్ళీ గాలి కొట్టేవాళ్ళం, మా ఆవిడ ఒకసారి, నేనొకసారి. ఇప్పటివాళ్ళకి ఇన్వర్టరుంది, ఫోన్లోనే మోగే హెచ్చరిక ఉంది. నీటి వేడి అర డిగ్రీ పెరిగినా చెబుతుంది. అన్నీ ఉన్నాయి, ఓపిక లేదు.

ఈ పగడాల పెంపకానికి అసలు సూత్రం చెప్పినాయన ఇండోనేషియావాడు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అని, 1961లో ఒక అమెరికా చేపల పత్రికలో రాశాడు. సముద్రం నుంచి తెచ్చిన తేట నీరు, ప్రాణులు అంటుకుని ఉన్న రాయి, నాలుగు బుడగలు, ఎండ. అంతే, వేరే ఫిల్టరు లేదు. తరవాత బెర్లిన్‌లో పెంపకందార్లు దానికి నురగ తీసే స్కిమ్మరు, గట్టి లైట్లు కలిపారు. ఈ రోజుకీ పునాది ఆ రాయే. చేప విసర్జించే అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఆ రాతి బొరియల్లో కాపురముంటాయి. నీళ్ళలో వాటి పాలు చాలా తక్కువ. పాత నీళ్ళు పోశాను కదా, పాత బలమూ వచ్చేసిందనుకుంటే పొరపాటు. కొత్త రాతి మీద ఆ కాపురం నిలదొక్కుకోవడానికి నెలా, నెలన్నర పడుతుంది. ఆ తరవాత కూడా నిలకడ రావడానికి నెలలే.

మావాడు చేసిందేమిటంటే, అందంగా ఉంటుందని కొత్త పొడి రాయి కొని పేర్చాడు. పాత రాయిలో సగం పైగా గ్యారేజీలో ఆరబెట్టేశాడు. ఏళ్ళ నాటి కాపురం అంతా అక్కడే ఎండిపోయింది. దాని బదులు సీసాలో అమ్మే సూక్ష్మజీవుల్ని పోశాడు. సీసా పోయడం తప్పు కాదు, దాని మీద భారం వేసి అదే రోజు చేపలన్నిట్నీ దింపడం తప్పు. పైగా పాత ఇసకని అడుగుదాకా తవ్వి అలాగే కొత్తదాంట్లో పోశాడు. గాలాడని ఆ అడుగు పొరలో కుళ్ళు పేరుకుని ఉంటుంది, కదిపితే మురిగిన గుడ్డు వాసన. ఆ వాయువు చేపలకి విషం. ఇసక కొత్తది వేసుకోవాలి. పాతదాని పైపొర నుంచి గుప్పెడు తీసి ఉప్పునీళ్ళలో జాడించి చల్లితే చాలు.

పాత కాపురాన్ని చెదరగొట్టకూడదని మా వజ్రపుకొత్తూరు చుట్టూ ఉన్న ఉద్దానం తోటల్లో ఎవర్నడిగినా చెబుతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాతల నాటి కొబ్బరి, జీడిమామిడి ఒక్క పూటలో నేలకొరిగాయి. మళ్ళీ నాటుకున్నప్పుడు మొక్కని వేరుచుట్టు మట్టితో సహా తెచ్చి గోతిలో దించారే గానీ, మట్టి దులిపేసి ఎవరూ పాతలేదు. రాయి కూడా అంతే. నీళ్ళలోంచి తీసి నీళ్ళలోకే, తడి ఆరకుండా. ముందు కొత్త ట్యాంకులో ఉప్పు కలిపి, సాంద్రత 1.025కి తెచ్చి, వేడి 25, 26 డిగ్రీల మధ్య నిలిపి, నాలుగు రోజులు ఊరికే తిప్పాలి. తరవాత రాయి. దాని వెనక పగడాలు. చేపలు చివర. మేత సగానికి తగ్గించి, రోజూ అమ్మోనియా చూసుకోవాలి. బరువు సంగతీ ఉంది. 450 లీటర్ల ఉప్పునీళ్ళే 460 కిలోలు, గాజు, రాయి, బల్ల కలిపితే ఆరొందలు దాటుతుంది. అక్కడివి చెక్క నేలలు. అల్లుడు గారు ముందే కింద దూలాలు ఎటు పోతున్నాయో చూసి, వాటికి అడ్డంగా పెట్టించారు. ఆ ఒక్క పనీ పద్ధతిగా జరిగింది.

నాకు ఇంకా మింగుడుపడనిది ఆర్వో నీళ్ళు. పగడాలకి కుళాయి నీళ్ళు పనికిరావు, నిజమే. లీటరు ఆర్వో నీటికి రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి. మావాడింట్లో అవి నేరుగా మురుగు గొట్టంలోకి. మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు ఇంటింటికీ తెలుసు. దేనివల్లో ఇప్పటికీ తేలక, నీళ్ళంటేనే భయపడి, ఇరవై లీటర్ల క్యాన్లు మోసుకుని బతికారు మావాళ్ళు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఇక్కడికి గొట్టాలేసి, ఆ పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అలాంటి చోట పుట్టిన అమ్మ కడుపున పుట్టి, నీళ్ళు అలా వదిలేస్తుంటే నేను ఊరుకోలేను. పట్టి మొక్కలకి పోయమన్నాను, బట్టలకి వాడమన్నాను. ట్యాంకు మూడింతలైతే ఆ వృథా కూడా పెరుగుతుంది, అది ఎవరూ లెక్కేసుకోరు.

మా రోజుల్లో అన్నీ మంచివే అనను. రామేశ్వరం వెళ్ళినవాళ్ళు తెల్ల పగడపు ముక్కలు కొనుక్కొచ్చి షోకేసుల్లో పెట్టుకునేవారు. మన్నార్ సింధుశాఖ పగడాన్ని తవ్వి సున్నానికి వాడేవారు. 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిట్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చాక, మన సముద్రంలోది ముట్టుకుంటే పులిని ముట్టుకున్నంత నేరం. అది సరైన పని. మావాడి పగడాలు అక్కడ ట్యాంకుల్లోనే తుంచి పెంచిన ముక్కలు. పసుపు టాంగ్‌ని కూడా 2015లో హవాయిలో మొదటిసారి గుడ్డు నుంచి పెంచగలిగారు, ఇప్పుడు అలా పుట్టినవి కూడా అమ్ముతున్నారు. ఈ కాలం చేసిన పనుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఇది. ప్రపంచమంతా పగడాలు వేడికి తెల్లబడుతున్నాయని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన లక్షదీవుల్లోనూ అదే గతి. అలాంటప్పుడు చేతిలో ఉన్న ముక్కని తొందరపాటుతో చంపుకుంటే ఎలా?

ఫోన్లోనే కూర్చుని చేయించాను. తడిగా మిగిలిన పాత రాయి వెనక్కి పెట్టించాను, నీళ్ళు పదే పదే మార్పించాను. టాంగ్ తేరుకుంది. కొమ్మ పగడం పోయింది, దాని కొసలు మాత్రం తుంచి వేరుగా అంటించాడు, అవి పట్టేలా ఉన్నాయి. కొత్త లైట్లు పాతవాటికన్నా చాలా గట్టివి, అవి సగం వెలుగులోనే ఉండాలి, వారానికి కాస్త చొప్పున పెంచాలి. ఇంకో చేప కొంటానంటున్నాడు. సంక్రాంతి దాటనివ్వమన్నాను. అమ్మాయికి కూడా గట్టిగా చెప్పాను, అప్పటిదాకా ఇంట్లోకి కొత్త చేప రాకూడదని.