అవ్వ దిగడానికి ఎన్‌వోసీ ఎవరిస్తారు?

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఎత్తైన భవనం లేపాలంటే ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి ఎన్‌వోసీ కావాలి. రన్‌వేకు ఎంత దూరం, సముద్రమట్టానికి ఎంత ఎత్తు అని లెక్కగట్టి, రంగురంగుల మ్యాపు పరిచి, ఇంతకు మించి ఒక్క మీటరు కూడా లేవొద్దంటారు. మంచిదే. దుబాయ్ నుంచి వచ్చే విమానం క్షేమంగా దిగాలి కదా! కానీ తొమ్మిదో అంతస్తులో ఉన్న డెబ్బై ఏళ్ల అవ్వ క్షేమంగా కిందికి దిగాలంటే ఏ అథారిటీని అడగాలో ఆ మ్యాపులో ఎక్కడా లేదు.

అవ్వ అక్కడిదాకా ఎలా ఎక్కిందో ముందు చెప్పుకోవాలి. 2015 నవంబరులో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 రెండు పడకగదుల ఇళ్లు ప్రారంభించారు. జీ ప్లస్ టూ. అరుగు మీద ముసలివాళ్లు, వాకిట్లో పిల్లలు, ఆ ఫొటో చూసి రాష్ట్రమంతా మురిసింది. ఆ ఫొటో చూపించి నగరానికి లక్ష ఇళ్లు మంజూరు చేశారు. 111 చోట్ల, దాదాపు 8,600 కోట్ల రూపాయల అంచనాతో. తీరా చూస్తే నగరంలో జాగా లేదు, అందుకని ఇళ్లు పొలిమేర దాటాయి, మేడలు మబ్బుల్లోకి పోయాయి. కొన్ని ఈ విమానాశ్రయం వైపే, మహేశ్వరం మండలం మంఖాల్‌కు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది కొల్లూరు కాలనీ. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. నమూనా చూపింది రెండంతస్తులది, చేతికిచ్చింది తొమ్మిదంతస్తులది. చీరల దుకాణంలో ఇలా చేస్తే గొడవవుతుంది. గృహప్రవేశంలో చేస్తే చప్పట్లు పడతాయి.

ఈ పెద్ద బ్లాకుల్లో ఇంకో విశేషం ఉంది. వీటికి కింది అంతస్తు స్టిల్టు, అంటే బండ్లు నిలిపే చోటు. కారు లేని పేదలకు కట్టిన భవనంలో కారుకు నేల మీద చోటిచ్చి, మోకాళ్ల నొప్పుల ముసలమ్మను పైకి పంపారు. ఎవరికి ఏ ఇల్లన్నది లాటరీ. కంప్యూటరు ఎవరి పక్షమూ వహించదని ఆ రోజు సగర్వంగా ప్రకటించారు. నిజమే, దానికి మోకాళ్ల సంగతి తెలియదు.

పర్వాలేదు, లిఫ్టు ఉంది. అది కదిలినన్నాళ్లు కదులుతుంది. ఆగిన రోజు మొదలవుతుంది అసలు పరిపాలన.

‘సారూ, మా బ్లాకుల లిఫ్టు ఆగింది.’
‘కట్టింది జీహెచ్ఎంసీ కదమ్మా, వాళ్లనడుగు.’
జీహెచ్ఎంసీ అంటుంది: ‘కట్టినం, అప్పజెప్పినం. ఆ జాగా మున్సిపాలిటీది.’
మున్సిపాలిటీ అంటుంది: ‘మాకు కాయితాల మీద అప్పజెప్పలే.’
కాంట్రాక్టరు అంటాడు: ‘గ్యారంటీ గడువు అయిపోయింది.’
కరెంటాఫీసు అంటుంది: ‘కామన్ మీటరు బిల్లు ఎవరి పేరు మీదుందో ముందు చెప్పండి.’

అందరూ చెప్పేది నిజమే. అబద్ధం లేకుండా బాధ్యత తప్పించుకోవడం మన కార్యాలయాలకు వెన్నతో పెట్టిన విద్య. పైగా గ్యారంటీ గడువు అవ్వ వచ్చేదాకా ఆగదు. చాలాచోట్ల ఇళ్లు పూర్తయ్యాక పంపిణీ లేక ఏళ్ల తరబడి ఖాళీగా పడున్నాయి. 2023 ఎన్నికల ముందు తాళాలు చేతికొచ్చేసరికి కొన్నిచోట్ల వైర్లు, నల్లాలు, స్విచ్చుబోర్డులు దొంగలు పట్టుకుపోయారు. లబ్ధిదారుల కంటే ముందు లబ్ధి పొందినవారు వాళ్లే.

చివరికి ఒక పరిష్కారం దొరుకుతుంది: ‘మీరే సొసైటీ పెట్టుకోండి, నెలనెలా మెయింటెనెన్స్ వేసుకోండి.’ గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీలో ఈ మాట చక్కగా అమరుతుంది. ఆ పద్ధతిలోనే చదరపు అడుగుకు మూడు రూపాయలు వేద్దాం. ఇల్లు 560 చదరపు అడుగులు, అంటే నెలకు 1,680 రూపాయలు. అవ్వకొచ్చే ఆసరా పింఛను 2,016. మిగిలిన 336 రూపాయలతో ఆమె బియ్యం, బీపీ గోలీలు, కరెంటు బిల్లు చూసుకుని, మిగిలితే తీర్థయాత్రకు వెళ్లవచ్చు. కొల్లూరులో 118 దుకాణాలు కట్టి, వాటి కిరాయితో నిర్వహణ సాగుతుందన్నారు. ఆలోచన బాగుంది. అయితే లిఫ్టు మోటారు కాలిన రోజున, ముందు ఎవరో కిరాణం పెట్టి, గిరాకీ పెరిగి, కిరాయి కట్టేదాకా అవ్వ మెట్ల మీద కూర్చోవాలి.

మహేశ్వరం చుట్టూ లంబాడా తండాలున్నాయి. 1976 నుంచి లంబాడాలు తెలంగాణలో షెడ్యూల్డు తెగ. తండాలో ముసలి యాడికి, అంటే అమ్మకు, ఇల్లంటే సగం వాకిలి. మేకను కట్టేసేదక్కడే, ఎండలో కూర్చునేదక్కడే, కోడలితో కొట్లాడేదక్కడే. కాళ్లు లాగినా గుమ్మం దాటితే నలుగురి మధ్యకు వస్తుంది. అలాంటి మనిషికి గిరిజన కోటాలో ఎనిమిదో అంతస్తు ఇచ్చి లిఫ్టు ఆపేస్తే, ఆమె పేరు లబ్ధిదారుల జాబితాలో ఉంటుంది, ఆమె మాత్రం బాల్కనీ ఊచల వెనక ఉంటుంది. ఊచల వెనక ఉంచాలంటే జైలు శాఖకు కూడా కోర్టు ఉత్తర్వు కావాలి.

ఇక అగ్నిమాపక సంగతి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జి అగ్నిప్రమాదంలో ఎనిమిది మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్, ఆరుగురు. అదే ఏడు నవంబరులో బజార్‌ఘాట్, తొమ్మిది మంది. 2025 మే 18న గుల్జార్ హౌజ్, ఎనిమిది మంది పిల్లలతో కలిపి పదిహేడు మంది. మంట ఆరిన ప్రతిసారీ ‘అన్ని భవనాలనూ తనిఖీ చేస్తాం’ అన్న ప్రకటన వెలుగుతుంది. అగ్నిప్రమాదంలో లిఫ్టు వాడకూడదన్నది మొదటి నియమం. ఈ కాలనీలు దాన్ని నిప్పు లేని రోజుల్లో కూడా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. నిప్పు నిజంగా అంటుకుంటే, మామూలు రోజునే మెట్లు దిగలేని మనిషి పొగలో ఎలా దిగుతుందో డ్రిల్లు చేసి చూపించిన వారు లేరు.

లిఫ్టు విషయంలో బొంబాయికి 1939లోనే చట్టం ఉంది. మనకు 2025 మొదట్లో కూడా ప్రత్యేక చట్టం లేదు. ఆ ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఇరుక్కుని ఆరేళ్ల బాబు చనిపోయాడు. మార్చిలో సిరిసిల్లలో ఒక పోలీసు బెటాలియన్ కమాండెంట్ లిఫ్టు వచ్చిందనుకుని తలుపు తీసి, ఖాళీలో అడుగేసి ప్రాణం పోగొట్టుకున్నారు. కమాండెంటునే లెక్కచేయని లిఫ్టు పింఛనుదారును లెక్కచేస్తుందా?

చట్టమంటే గుర్తొచ్చింది. పెద్దల పోషణకు 2007లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది. దాని 24వ సెక్షను ప్రకారం తల్లిదండ్రులను దిక్కులేకుండా వదిలేసిన కొడుక్కి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. న్యాయమే. ఆ తల్లిని తొమ్మిదో అంతస్తులో వదిలేసి రిబ్బను కత్తిరించి వెళ్లిపోయిన వారికి ఏ సెక్షను? ఆ కొడుకు కనీసం దండతో ఫొటో దిగలేదు.

‘ఊరికే ఇచ్చిన ఇంటికి ఇన్ని వంకలా?’ అంటారు కొందరు. ఊరికే ఏమీ రాలేదు. కొందరు ఉన్న గుడిసె వదిలారు, కొందరు పాతిక కిలోమీటర్ల అవతలున్న కూలి అడ్డా వదిలారు. ఖర్చయింది ప్రజల పన్ను. వేల కోట్లు పోసి కట్టినదాన్ని నిలబెట్టేందుకు ఏటా ఖర్చుపెట్టకపోవడం పొదుపు కాదు, పెట్టిన డబ్బును తుప్పుకు అప్పగించడం. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. మన సర్కార్లు కట్టాయి, చూడడం మరిచాయి. ఒకరు కట్టారు గనక ఇంకొకరికి పట్టదు, ఇంకొకరు పట్టించుకోరు గనక మొదటివారికి ప్రెస్‌మీట్ దొరుకుతుంది.

అడిగేది చిన్నది. పథకం ఖర్చులోనే పదేళ్ల నిర్వహణను కలపాలి. ప్రతి బ్లాకు గోడ మీద బాధ్యుడైన ఒక్క అధికారి పేరు, ఫోను నంబరు రాయాలి. నడవలేని పెద్దలకు మొదటి అంతస్తు ఇవ్వాలి, అవసరమైతే స్టిల్టులో రెండు గదులు కట్టాలి. ఏడాదికి రెండుసార్లు లిఫ్టునూ అగ్నిమాపక పరికరాలనూ పరీక్షించి ఆ కాగితం గుమ్మం దగ్గర అతికించాలి.

ఇవన్నీ కష్టమనిపిస్తే ఒక చవక ఉపాయం. గృహనిర్మాణ శాఖ వచ్చే సమీక్షా సమావేశాన్ని ఏదో ఒక కాలనీలో తొమ్మిదో అంతస్తులో పెట్టండి. షరతు ఒక్కటే, తేదీ ముందుగా కాలనీకి చెప్పకూడదు. చెబితే ఆ ఒక్కరోజు లిఫ్టు పనిచేస్తుంది.