పైథాన్ పేరు చూసి పప్పులో కాలేయడం ఎలా?

పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోమని ఇంటిల్లిపాదీ పోరుతున్నారా? నేర్చుకోవడం ఎవరైనా చేస్తారు. ఇంగ్లీషులో కొండచిలువ అని అర్థమిచ్చే ఆ పేరు చూసి పొరబడటానికే సాధన కావాలి. అందుకు పనికొచ్చే చిట్కాలివి.

1. పుట్టతో మొదలుపెట్టండి. అమీర్‌పేటలో కోర్సు ఫీజు కట్టేముందు నాగులచవితి దాకా ఆగి, పుట్టలో పాలు పోయండి. పాముకు పాలు ఆహారం కాదని సైన్సు మాస్టారు చెప్పింది మరిచిపోండి. నాగుపాముకీ కొండచిలువకీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, "అన్నీ మనవే" అనేయండి.

2. ఇంటర్వ్యూలో పురాణం విప్పండి. ఈ భాషకు ఆ పేరెలా వచ్చిందని అడగ్గానే గ్రీకుల డెల్ఫీకి వెళ్లిపోండి. భూదేవి గయా బిడ్డ పైథాన్ అనే మహాసర్పమనీ, అపోలో దాన్ని బాణాలతో చంపి అక్కడి జోస్యపీఠాన్ని సొంతం చేసుకున్నాడనీ, ఆ గుడిలో దేవుడి మాట పలికే పూజారిణిని పిథియా అనేవారనీ ఏకరువు పెట్టండి. కథ గ్రీకులదే, భాషకే దానితో సంబంధం లేదు. 1989 డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు ఆఫీసు మూసేస్తే, ఊసుపోక ఈ భాష తయారీ మొదలుపెట్టాడు గైడో వాన్ రోసమ్ అనే డచ్చి ప్రోగ్రామరు. బీబీసీలో 1969లో మొదలైన 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అనే హాస్య కార్యక్రమం మీద అభిమానంతో ఆ పేరు పెట్టానని ఆయనే చెప్పాడు. అయితేనేం? పేరు పెట్టిన తండ్రి మాటకంటే బారసాలకొచ్చిన చుట్టాల మాటే చెల్లాలి.

3. పాఠాల్లో గుడ్లు కనిపిస్తే కొండచిలువవే అనుకోండి. పైథాన్ పాఠాల్లో ఉదాహరణలకు 'స్పామ్', 'ఎగ్స్' అనే పేర్లు వాడతారు. అవి మాంటీ పైథాన్ బృందం 1970లో వేసిన హోటల్ ప్రహసనం నుంచి వచ్చాయి. అందులో దాదాపు ఏది అడిగినా స్పామ్ అనే డబ్బా మాంసం తప్పదు. మన మెయిల్‌కొచ్చే చెత్తకు ఆ పేరు అక్కడిదే. మీరు మాత్రం ఆడ కొండచిలువను తలుచుకోండి. గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఒళ్లంతా గడగడ వణికించి, ఆ వేడితో పొదుగుతుంది. ఇది నిజమే. పరీక్షలో మార్కులు మాత్రం రావు.

4. ఖాళీలు ఇష్టమొచ్చినట్టు వదలండి. ఈ భాషలో ఏ వరస దేని కిందికి వస్తుందో ఎడమవైపు వదిలిన ఖాళీయే చెబుతుంది. నాలుగు స్పేసులు వదలడం ఆనవాయితీ. మీరు ఒక వరసకు ట్యాబ్ నొక్కి, తర్వాతి దానికి స్పేసులు కొట్టండి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. రన్ చేయగానే ఎర్రర్ వస్తుంది. పాము పగబట్టిందని చెప్పి లేచి వచ్చేయండి.

5. పాత పుస్తకమే కొనండి. పైథాన్ 2 నేర్పే పుస్తకం ఫుట్‌పాత్ మీద చవకగా దొరుకుతుంది. 2020 జనవరి 1తో ఆ పాత వెర్షన్‌కు మద్దతు ఆపేశారన్న సంగతి అట్ట మీద ఉండదు. కొత్త వెర్షన్‌లో ప్రింట్ పక్కన బ్రాకెట్లు పెట్టకుండా రాసి, కంప్యూటర్ పాడైందని రిపేరుకు ఇవ్వండి.

6. వార్తలు సగమే చదవండి. 2021లో తేజస్ యుద్ధవిమానం నుంచి పైథాన్-5ను ప్రయోగించి చూశారు. అది ఇజ్రాయెల్ క్షిపణి. మీరు మాత్రం "నేను నేర్చుకున్న కోర్సుతోనే విమానాలు పేలుస్తున్నారు" అని సంబంధాల వాళ్లకు చెప్పండి.

7. దొడ్లోకి నిజం కొండచిలువ వస్తే సాఫ్ట్‌వేర్ బావగారిని పిలవండి. అటవీ శాఖకు ఫోన్ చేయకండి. దానికి విషం లేదని తెలిసినా కర్ర అందుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో పెట్టింది. కాబట్టి కోడింగ్ నేర్చుకోవడానికి జైల్లో బోలెడు తీరిక దొరుకుతుంది.

చివరిగా ఒక్క మాట. పైథాన్‌ను దాని సొంత వెబ్‌సైట్ నుంచి ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు, అక్కడి పాఠాలూ ఉచితమే. ఈ సంగతి ఫీజు కట్టేసిన తర్వాతే తెలుసుకోండి.