ముక్కులో దొరికిన ముద్దాయి

రెండేళ్ల పిల్లాడికి దగ్గు, జ్వరం. నగరంలో కాస్త పేరున్న ఆసుపత్రికి తీసుకెళ్తే స్టెతస్కోపు ఛాతీ మీద ఆనేలోపే ముక్కులోకి పుల్ల దూరుతుంది. సాయంత్రానికి తండ్రి వాట్సాప్‌లో పీసీఆర్ ప్యానెల్ అనే పరీక్ష తాలూకు రంగురంగుల పీడీఎఫ్. అందులో బారెడు సూక్ష్మజీవుల జాబితా, రెండు పేర్లు మాత్రం ఎర్రక్షరాల్లో: న్యూమోకాకస్ డిటెక్టెడ్, హీమోఫిలస్ డిటెక్టెడ్. తండ్రి గుండె గుభేలుమంటుంది. ఆ వెనకే చిన్న తృప్తి కూడా. కట్టిన వేలకి ఏదో ఒకటి దొరికింది, డబ్బు దండగ కాలేదు!

నిమోనియా తెచ్చే ఈ న్యూమోకాకస్ బాక్టీరియా దొరక్క ఎక్కడికి పోతుందండీ? ఐదేళ్లలోపు పిల్లల ముక్కే దాని కాపురం. చీమిడి తుడుచుకుంటూ అంగన్‌వాడీలో గంతులేసే పిల్లల్లో చాలామంది దాన్ని మోసుకు తిరుగుతూనే ఉంటారు, రోగమూ రొష్టూ లేకుండా. ఇంట్లో సొత్తు పోయిందని వచ్చిన పోలీసాయన, పై వాటాలో అద్దెకుంటున్నవాణ్ణి చూసి 'దొరికావురా' అని బేడీలు వేస్తే ఎలా ఉంటుందో ఈ రోగనిర్ధారణా అలాగే ఉంది. వాడే దొంగ కావచ్చు, కాకపోనూ వచ్చు. పీసీఆర్ సాక్ష్యం మాత్రం వాడు ఇంట్లో ఉన్నాడన్నంత వరకే.

కఫం తీసి చూడొచ్చు కదా అంటే, రెండేళ్లవాడు కఫాన్ని ఉమ్మడు, మింగేస్తాడు. ఊపిరితిత్తిలోకి సూది దించి తీస్తామంటే ఏ తల్లీ బిడ్డను చేతికివ్వదు. అందుకని నెమ్ము ఛాతీలో, వెతుకులాట ముక్కులో.

పోనీ, రక్తంలో వెతికితే? అదీ అయింది. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్‌లతో పాటు ఐదు ఆఫ్రికా దేశాల్లో పెర్చ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. తీవ్రమైన నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లలు 4 వేలకు పైగా, పోల్చి చూడటానికి బయటి పిల్లలు 5 వేలకు పైగా. రక్తానికి పీసీఆర్ చేస్తే, జబ్బు పిల్లల్లో సుమారు 7 శాతం మందిలో న్యూమోకాకస్ జాడ కనిపించింది. బయట ఆడుకునే పిల్లల్లో? 5 శాతం పైచిలుకు! ముక్కులో కాపురమున్నవాడి డీఎన్‌ఏ తునకలు రక్తంలోకి జారినా యంత్రం వాటిని పట్టేస్తుంది. అసలు ముద్దాయి సంగతంటారా, ఎక్స్‌రేలో నిమోనియా తేలిన, హెచ్‌ఐవీ లేని పిల్లల్లో అన్నిటికంటే పెద్ద వాటా, 31 శాతం, ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌ది. దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు.

ఇక్కడే అసలు తమాషా. రిపోర్టు రాకముందే యాంటీబయాటిక్ మొదలై ఉంటుంది. బాక్టీరియా 'డిటెక్టెడ్' అని వస్తే చూశారా అని కొనసాగిస్తారు. వైరస్ ఒక్కటే వస్తే 'పైన బాక్టీరియా కూడా చేరితే కష్టం' అని కొనసాగిస్తారు. ఏమీ రాకపోతే 'పరీక్షకి అందలేదేమో' అని కొనసాగిస్తారు. మూడు జవాబులకీ ఒకటే చీటీ రాసేటప్పుడు ప్రశ్న అడగడం దేనికో!

పీసీఆర్‌తో నాకేం పగ లేదు. క్షయ, కోరింత దగ్గు లాంటివాటిలో దాని మాటకి బరువుంది, అవి ముక్కులో ఊరికే మకాం పెట్టే రకాలు కావు కనుక. నిమోనియా ముదిరి ఛాతీలో చీము చేరినప్పుడు, మందులు పడి కల్చర్‌లో ఏమీ మొలవకపోయినా, ఆ చీములో న్యూమోకాకస్ పేరు చెప్పగలిగేది అదే. అక్కడ దొరికినవాడికి అద్దె చీటీ ఉండదు మరి.

మామూలు దగ్గూ జ్వరాలకి మాత్రం పాత పద్ధతి ఒకటుంది. చొక్కా పైకెత్తి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డకి 50, ఆ పైన ఐదేళ్ల లోపు 40కి చేరిందా, డొక్కలెగరేస్తున్నాడా అని చూడటం. ఊళ్లో ఆశా కార్యకర్త చేసే పనే. నిమిషం చూపుకి బిల్లులో ఏ పద్దు రాయాలో తెలియకే కాబోలు, పెద్ద ఆసుపత్రులకి ఇది నామోషీ. 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా వేస్తున్న న్యూమోకాకల్ టీకా మూడు డోసులూ పడ్డాయా అని అడిగేవారూ తక్కువే. దానికీ పీడీఎఫ్ రాదు.

ఆసుపత్రివారికి ఒక వ్యాపార సలహా. ప్యానెల్ కట్టిన ప్రతివారికీ ఇంకొకటి ఉచితమనండి. పక్కింటి పిల్లాణ్ణి, దగ్గూ జ్వరమూ లేనివాణ్ణే, తీసుకొచ్చి వాడి ముక్కులోనూ పుల్ల పెట్టండి. వాడి రిపోర్టులోనూ న్యూమోకాకస్ ఎర్రగా వచ్చిందనుకోండి, ఇంకేం, పక్క మంచం ఖాళీగానే ఉంది కదా!