పిల్లలకు బొమ్మలూ పాటలూ నేర్పు విధానం

చిన్నపిల్లల కళాశిక్షణకు మొదటి మెట్టు గోడలకు కొత్త రంగు వేయించడం. రెండేళ్ల బిడ్డ చేతికి సుద్దముక్క దొరికితే గోడ ఎక్కుతుంది. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన గ్రంథంలో ఈ పిచ్చిగీతలనే పిల్లల చిత్రకళకు తొలిదశగా లెక్కగట్టాడు. ఆయన గోడల ఖర్చు లెక్కగట్టినట్టు లేదు. నాలుగేళ్లు వచ్చేసరికి తలకాయకే కాళ్లూ చేతులూ మొలిచిన మనిషి కాగితం మీదికొస్తాడు. చాలా దేశాల పిల్లలు ఒక వయసులో ఇతణ్ణే గీస్తారు. ఇతడు కనిపించగానే "పొట్ట ఏదిరా?" అని అడగాలి. ఆ వెంటనే రబ్బరు అందించాలి.

దశలవారీగా ఎదగనిస్తే చాలా కాలం పడుతుంది కనుక బిడ్డను నేరుగా సీనరీలోకి దించడం మేలు. రెండు త్రికోణాల కొండలు, నడుమ సగం సూర్యుడు, అక్కణ్ణుంచి జారే ఏరు, ఒడ్డున గుడిసె, దాని పక్కన ఒంగిన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. హైదరాబాదు పిల్లకు కిటికీలోంచి గుండ్రాళ్ల గుట్ట కనిపించినా కొండ త్రికోణంగానే రావాలి. కొండ అన్నదే కనిపించని కోనసీమ పిల్లవాడికీ మినహాయింపు లేదు. కాకికి ఊదారంగు వేస్తే దిద్దించాలి. రంగు గీత దాటితే కాగితం మార్చాలి. పోటీకి పంపే బొమ్మ మాత్రం తల్లి గీస్తే సరిపోతుంది. బిడ్డ పేరు రాస్తే చాలు.

ముగ్గును శిక్షణగా పొరబడరాదు. పదిహేను చుక్కలు పెట్టి, సందు చుక్కతో ఎనిమిది వచ్చే వరకు తగ్గించుకుంటూ పోయే అమ్మమ్మ పక్కన కూచున్న పిల్లకు లెక్క, సౌష్ఠవం, చేతి ఒడుపు మూడూ అబ్బుతాయన్నది నిజమే. అయితే దానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ రాదు.

సంగీతంలో పద్ధతి ఇంకా పకడ్బందీగా ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అనే వరుసను పదహారో శతాబ్దపు పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. తొలి పాఠాలకు ఎంచిన రాగం పదిహేనో మేళకర్త మాయామాళవగౌళ. ఇందులో స-రి-గ-మల మధ్య ఉన్న ఎడమే ప-ద-ని-సల మధ్యా ఉంటుంది. కింది సగం గొంతుకు పట్టుబడితే పై సగం దానంతటదే పలుకుతుంది. పిల్లల కోసం ఇంత ఆలోచించిన ఏర్పాటు మరొకటి అరుదు. కాబట్టి దీన్ని మూడో వారానికల్లా దాటేయాలి. అపార్ట్‌మెంట్ వినాయకచవితి దగ్గర పడుతోంది, అక్కడ సరళీ స్వరాలు ఎవరూ వినరు. అన్నమయ్య కీర్తన ఒకటి యూట్యూబులో వినిపించి బట్టీ పట్టించాలి. మూడు కాలాల సాధన అవసరం లేదు; భయపడినప్పుడు బిడ్డ ఎలాగూ మూడో కాలంలోనే పాడుతుంది.

శ్రుతి విషయంలో రాజీ పనికిరాదు. గురువుగారు ఒకటి శ్రుతిలో పాడితే ఆరేళ్ల పిల్లా అక్కడే పాడాలి. మంద్రంలో గొంతు దిగక మూలిగితే "గొంతు లేదు" అని తల్లిదండ్రులకు పిల్ల ఎదుటే చెప్పాలి. ఈ ఒక్క మాట బాగా నాటుకుంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ పిల్ల పెళ్లిళ్లలో పాట అందుకోదు. చెమ్మచెక్క ఆడుతూ ఇద్దరు పిల్లలు లయ తప్పకుండా కొట్టే చప్పట్లు అల్లరి, అవే ఆదితాళమైతే విద్య. చుట్టాలు వచ్చినప్పుడు, ముఖ్యంగా టీవీ నడుస్తున్నప్పుడు, బిడ్డను నిలబెట్టి పాడించడం సభాకంపం పోగొడుతుందని ప్రతీతి.

బడి విషయానికొస్తే, కళలు పాఠ్యాంశంగా ఉండాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. టైంటేబుల్‌లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది కూడా. అందులో లెక్కలు చెబుతారు.

ఐఐటీ ఫౌండేషన్ తరగతులు ఆరో తరగతిలోనే పెట్టే బడులున్నాయి గనుక ఈ శిక్షణంతా ఐదో తరగతి వేసవి సెలవులకల్లా ముగించాలి. శ్రుతిపెట్టె ఫోనులో యాప్‌గా దొరుకుతోంది. తీసేయడానికి రెండు క్షణాలు చాలు.