రిజర్వులో పడిన కారు

వేములలో ఒక చీనీతోట ఆసామి కారు కొన్నాడు. కొన్నప్పటి నుంచి ఆయనకు చుట్టాలు ఎక్కువయ్యారు. ఒకరు ప్రొద్దుటూరులో పెళ్లి బంగారం కొనాలి, ఇంకొకరు కడపలో డాక్టరును చూడాలి. శ్రావణ శనివారాలు వస్తే గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయేవాళ్లతో కారు ఇంటిముందు నిలిచేదే కాదు. నిండు ట్యాంకుతో పోయిన బండి తిరిగొచ్చేసరికి డ్యాష్‌బోర్డులో పెట్రోలు బంకు బొమ్మ పసుపుగా వెలుగుతుండేది. అడగాలంటే మొగమాటం, ఊరకుంటే నష్టం.

పులివెందుల మెకానిక్కు దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు.

"ఈ లైటు వెలిగినాక ఎంతదూరం పోతాదబ్బీ?"

"చిన్నకారు గదన్నా, మామూలుగా ఐదారు లీటర్లు ఉండంగానే వెలుగుతాది. అట్లని నమ్ముకోని తిరగొద్దు. పంపు ట్యాంకులోనే మునిగుంటాది, దాన్ని చల్లగా పెట్టేది ఆ పెట్రోలే. పసుపు లైటంటే తొందరగా చూసుకోమని. ఎర్రగా నూనెడబ్బా బొమ్మ వెలిగిందనుకో, యాడుంటే ఆడ ఇంజను ఆపెయ్యాల."

ఆసామికి ఉపాయం తట్టింది.

"ఆ పసుపుది ఎప్పుడూ వెలుగుతానే ఉండేట్టు చెయ్యి."

మెకానిక్కు తల గోక్కుని, ట్యాంకులో బెండుకు పోయే వైరు ఊడబీకాడు. గేజీ ముల్లు కిందికి పడిపోయింది. లైటు వెలిగింది.

ఉపాయం పారింది. తాళాలు తీసుకున్నవాడల్లా లైటు చూసి నేరుగా బంకుకే పోయేవాడు. ఆసామి పెట్రోలు కొనడమే మానేశాడు. అందరికంటే వేంపల్లె బామ్మర్ది నయం. కారు తెచ్చి ఇచ్చిన ప్రతిసారీ వెయ్యి రూపాయల బిల్లు చేతిలో పెట్టేవాడు. "మీ తమ్ముడు బంగారం" అని ఆసామి భార్యతో మురిసిపోయేవాడు.

ఒకరోజు రాత్రి కడప నుంచి భార్యతో వస్తుంటే వేంపల్లె దాటినాక కారు రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు కాలేదు. లైటు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతోంది. బామ్మర్దికి ఫోను చేస్తే చిటికెలో మోటారుసైకిల్ మీద పెట్రోలు క్యాను పెట్టుకుని వచ్చాడు.

"మొన్ననే గదరా వెయ్యికి పోయించినావు?"

"పోయించినా బావా, బిల్లు గూడా ఇస్తి గదా!"

"మరి ఇంత రాత్రి పెట్రోలు యాడ దొరికిందిరా?"

"ఇంట్లోనే ఉండె. ఎంత పోయించినా నీ కారులో లైటు ఆరదని ఎప్పుడో కనిపెట్టినా. ఆరని లైటుకు పోసింది తెలీదు, తీసింది తెలీదు. పైపేసి అప్పుడప్పుడు ఇంత దించుకుంటాండా."

"దొంగ నాయాలా! నా పెట్రోలు నాకే తెచ్చినావా?"

బామ్మర్ది క్యాను మూత తిప్పుతూ అన్నాడు:

"నీది యాడుంది బావా, అంతా చుట్టాలదే గదా!"