పాత కారు బీమా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

బ్రౌన్ దొర కడపలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి కావ్యాలకు టీకలు రాయించాడు. ఇప్పుడు ఈ జిల్లాలో టీక లేక జనం అవస్థ పడుతున్న గ్రంథం మోటారు బీమా పాలసీ. ప్రబంధం అర్థం కాకపోతే పోయేదేమీ లేదు, పాలసీ అర్థం కాకపోతే కారు పోతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య ఏ పాత ఇంటి వసారాలోనైనా టార్పాలిన్ ఎత్తి చూడండి, ఒక అంబాసిడరో ప్రీమియర్ పద్మినియో కనబడవచ్చు. పెద్దాయన కొన్నది. అమ్మడానికి మనసొప్పదు, నడపడానికి నడుమొప్పదు. బీమా సంగతి మాత్రం ప్రతి ఏడూ వచ్చి కూర్చుంటుంది.

మూలం లేనిదే వ్యాఖ్యానం లేదు. ఈ విషయం మీద పూర్వకవుల పద్యమేదీ నా కంటబడలేదు కాబట్టి మూలం కూడా నేనే కట్టుకున్నాను. ఆటవెలది. యతి సరిపోయింది, ప్రీమియం సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి.

మూలం

పాత కారు ధరను పట్టుగా వ్రాయించి
యెదుటివాని కొఱకు నెపుడు కట్టి
యగ్ని వరద దొంగలాదిగా నెంచుచు
పాలసీని గొనుము పసిడిపురిని.

ప్రతిపదార్థం

పాత కారు ధరను = ఏండ్లు నిండిన కారు యొక్క ఐడీవీని, అనగా బీమాకై ఒప్పుకొన్న ధరను; పట్టుగా వ్రాయించి = ఏజెంటు వద్దన్నను విడువక పాలసీ కాగితమున ఎక్కించి; ఎదుటివాని కొఱకున్ = థర్డ్ పార్టీ నిమిత్తము; ఎపుడు కట్టి = ఒక్క దినమైనను లాప్సు కానీయక ప్రీమియము చెల్లించి; అగ్ని వరద దొంగలు ఆదిగాన్ = మంట, ముంపు, చోరీ మొదలుగా గల అపాయములను; ఎంచుచున్ = ఒక్కొక్కటే లెక్కించుకొనుచు; పసిడిపురిని = బంగారు అంగళ్ల ఊరైన ప్రొద్దుటూరునందు; పాలసీని కొనుము = పాలసీని తీసుకొనుము.

తాత్పర్యం

పాత కారుకు బీమా చేయించేవాడు ముందు ధర తేల్చుకోవాలి, తర్వాత కంపెనీ తేల్చుకోవాలి అని భావం. లోకంలో జరిగేది దీనికి తలకిందులు.

విశేషాలు

"ధరను పట్టుగా వ్రాయించి" అన్నదే పద్యానికి ప్రాణం. మిగతా మూడు పాదాలూ దీన్ని మోయడానికి వచ్చినవే.

కొత్త కారుకు ధర తగ్గించే పట్టిక ముందే గీసి ఉంది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, అలా పెరుగుతూ అయిదో ఏటికి 50. అయిదేళ్లు దాటిన బండికీ, తయారీ ఆగిపోయిన మోడలుకూ పట్టిక లేదు. కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే ధర. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగింది, పద్మిని అంతకు చాలా ముందే పోయింది. కాబట్టి మన రెండు బండ్లకూ బేరమే శాస్త్రం. అన్ని పేజీల పాలసీలో యజమాని నోరు చెల్లే చోటు ఇదొక్కటే, అక్కడే మనవాళ్లు "ఏదో ఒకటి ఏసుకో సామీ" అంటారు.

ప్రొద్దుటూరు అంగట్లో అవ్వ కాసులపేరు అమ్మజూపితే తూకం వేసి, తరుగు తీసి, బంగారం ధర కడతారు; పనితనానికి పైసా రాదు. ధర తేల్చకుండా వదిలేసిన పాత కారుకు కంపెనీ లెక్కా అంతే, ఇనుము తూకం.

ఉదాహరణ చెబుతాను. మంచి స్థితిలో ఉన్న అంబాసిడర్‌కు ఐడీవీ 40,000 అని రాశారనుకోండి. ముద్దనూరు రోడ్డులో లారీ వెనకనుంచి గుద్దింది. డిక్కీ లోపలికి పోయింది, బంపర్ వంగింది. టింకరింగ్, పెయింటింగ్ కలిపి 45,000 అన్నాడు మేస్త్రి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే 30,000, దాటింది గనుక లెక్క ప్రకారం అది టోటల్ లాసు. నెలలో రోడ్డెక్కే బండి కాగితం మీద తుక్కయింది. అదే కారుకు నాలుగు లక్షలు రాయించి ఉంటే హద్దు మూడు లక్షలు, 45,000 మామూలు క్లెయిము. పదేళ్లు దాటిన బండి కాబట్టి లోహపు భాగాల ధరలో సగం, రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీల్లో సగం మన నెత్తినే. అద్దాలకు కోత లేదు, కూలికి కోత లేదు. పెయింటింగ్ బిల్లులో మెటీరియల్ ఖర్చుకు మాత్రమే సగం కోత. బిల్లు విడదీయకపోతే అందులో నాలుగో వంతును మెటీరియల్‌గా లెక్కిస్తారు. ఇన్ని కోతలు పోయినా కారు మిగులుతుంది.

"పట్టుగా" అంటే గొంతు పెంచి కాదు, కాగితాలు పెట్టి. వాల్యుయర్ రిపోర్టు, నాలుగు వైపుల ఫొటోలు, లోపలి సీట్ల ఫొటోలు, బాగు చేయించిన ప్రతి బిల్లు. ఎక్కువ ధరకు ప్రీమియం కూడా ఎక్కువే, అది ఒప్పుకోవాలి. అమెరికాలో హాగర్టీ అనే సంస్థ 1984లో చెక్క పడవల బీమాతో మొదలై, ముందే ఒప్పుకున్న ధరకు పాత కార్ల బీమా అమ్మి పెద్దదైంది. మన అంబాసిడరుకూ పద్మినికీ ఆ సౌకర్యాన్ని ఐడీవీ గడిలోనే సాధించుకోవాలి.

"ఎదుటివాని కొఱకు నెపుడు కట్టి." ఇది కవి సలహా కాదు, చట్టం. 1939 నాటి మోటారు చట్టం కింద 1946 జూలై 1 నుంచి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇప్పటి 1988 చట్టంలో అది 146వ సెక్షన్. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఇక్కడ పులివెందుల నుంచి ఒక పూర్వపక్షం: "అన్నా, బండి షెడ్డులోనే ఉంటాది గదా, దానికి ఇన్సూరెన్స్ యాలన్నా?"

సమాధానం: దసరాకు పెట్రోలు బంకు దాకా ఎవరు తీసుకుపోతారు నాయనా? బంకుకు పోయే దారి పబ్లిక్ రోడ్డే. అడ్డం వచ్చిన మనిషికి జరగరానిది జరిగితే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి హద్దు లేదు, పాలసీ ఉంటే కంపెనీ ఇస్తుంది, లేకుంటే చీనీ తోట ఇస్తుంది.

2022 జూన్ 1 నుంచి అమలైన లెక్కలో థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ దాటి 1500 లోపు కారుకు 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. జీఎస్టీ అదనం. పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజన్ 1489 సీసీ. పదకొండు సీసీల పుణ్యాన ఏటా 4,481 మిగులుతోంది. ఈ పుణ్యాన్ని అంతకంటే పెద్ద ఇసుజు ఇంజన్ బిగించి పోగొట్టుకున్నవాళ్లున్నారు. మార్చిన ఇంజన్ ఆర్సీలోనూ పాలసీలోనూ ఎక్కకపోతే క్లెయిమప్పుడు చేతులెత్తేయడానికి కంపెనీకి అంతకంటే మంచి సాకు దొరకదు.

"పాత" అన్న మాట దగ్గర వ్యాఖ్యాతలకు మతభేదం ఉంది. 2002 నాటి మోటారు టారిఫ్ మతంలో వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ కార్ల క్లబ్బు సర్టిఫికెట్ ఉన్నది. దానికి ఓన్ డ్యామేజీ, అంటే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 25 శాతం తగ్గింపు. 2021లో కేంద్రం తెచ్చిన రవాణా నిబంధనల మతంలో మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్నవన్నీ వింటేజే. కొత్తగా రిజిస్టర్ అయ్యేవాటికి వీఏ సిరీస్ నెంబరు, పదేళ్ల గడువు, రుసుము 20,000. వింటేజ్‌గా రిజిస్టరైన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు. సగం అనగానే ఎగిరి గంతేయకండి. 3,416లో సగం 1,708, పదేళ్లకు 17,080. దాని కోసం 20,000 కట్టడం బంగారు అంగళ్ల ఊరికి పరువు తక్కువ. పైగా ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ర్యాలీకో ప్రదర్శనకో పెట్రోలుకో రిపేరుకో తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించరాదు. వారానికొకసారి జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు సంతకు పోయేవాడికి ఈ మతం పనికిరాదని నా సిద్ధాంతం.

"అగ్ని వరద దొంగలాదిగా." ఆది శబ్దం చేత భూకంపం, పిడుగు, అల్లరిమూకలు, కొండచరియలు, వడగళ్లు గ్రహించాలి. గడ్డకట్టే చలి కూడా జాబితాలో ఉంది, మే నెల జమ్మలమడుగులో చదువుకుంటే చల్లగా ఉంటుంది. లిఫ్టులో ఎక్కిస్తుండగా జరిగే నష్టానికీ కంపెనీదే పూచీ. వరద మాట మాత్రం నవ్వులాట కాదు: 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఈ జిల్లా అది కళ్లారా చూసింది. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయకండి. ముంపు నష్టం పాలసీలో ఉంటుంది, స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పగిలితే అది మీ స్వయంకృతం అంటారు.

కవి చెప్పకుండా వదిలినదొకటి ఉంది, వాడకం. ప్రైవేటు కారు పాలసీలో బాడుగకు తిప్పరాదు, సరుకు మోయరాదు. పులివెందుల నుంచి బంధువుల ఇంటికి ఒక బుట్ట చీనీకాయలు తెస్తే సొంత సామాను. డిక్కీ మూత పడకుండా మూటలు వేస్తే సరుకు. పెళ్లికొడుకును ఊరేగించడానికి అల్లుడికి ఊరికే ఇస్తే సరే, పూలదండ వేసి రేటు మాట్లాడితే బాడుగ. ఈ తేడా పెళ్లినాడు ఎవరూ అడగరు, గుద్దిన మరునాడు అందరూ అడుగుతారు.

"ఎపుడు కట్టి" అన్నందుకు చివరి మాట. పాలసీ లాప్సయితే మళ్లీ ఓన్ డ్యామేజీ తీసుకునే ముందు ఇన్‌స్పెక్షన్. వచ్చినాయన చాసిస్ నెంబరు మీద తెల్ల కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దుతాడు. యాభై ఏళ్ల తుప్పు మీద 8 కాస్తా 3గా పడుతుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, మళ్లీ రుద్ది, వేలితో తడిమి చూస్తే గాని తేలదు. తొంభై రోజులు దాటితే 50 శాతం దాకా పేరుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

అయ్యా, అమ్మా, పాలసీ చేతికొచ్చిన రోజే ఆర్సీ పక్కన పెట్టుకుని ఇంజన్ నెంబరు, చాసిస్ నెంబరు, ఐడీవీ సరిచూసుకోండి. తేడా ఉంటే ఆ పూటే రాతపూర్వకంగా సవరణ అడగండి.