నేను ఎర్రమట్టి దిబ్బల ఇసుక రేణువుని

నేను పలుగురాయి రేణువుని. ఊరు భీమునిపట్నం దగ్గర నేరెళ్ళవలస తీరం. విశాఖ నుంచి భీమిలికి పోయే బీచ్ రోడ్డు పక్కన కనిపించే ఎర్రమట్టి దిబ్బలే మా ఇల్లు. ఇప్పుడు మాత్రం సామర్లకోటలో, ఓ ఇంటి అలమరలో, గాజు సీసాలో ఉంటున్నాను. తోడుగా గుప్పెడు చుట్టాలున్నారు.

నేను పుట్టింది తూర్పు కనుమల్లో. అక్కడి ఖోండలైట్ రాయి ఎండకీ వానకీ చివికిపోతే, నేనూ గార్నెట్, ఇల్మనైట్ రేణువులూ గెడ్డల వెంట కొట్టుకొచ్చి సముద్రంలో పడ్డాం. తర్వాత మంచుయుగం ముదిరింది. నీళ్ళన్నీ మంచుగా పేరుకుపోయి సముద్రం ఇప్పటికన్నా నూరు మీటర్లకు పైగా దిగిపోయింది. నీటి అడుగున ఉన్న మేం ఎండకి ఎండి గాలికి చిక్కాం. ఆ గాలే వేల ఏళ్ళపాటు మమ్మల్ని మోసుకొచ్చి ఒడ్డున దిబ్బలుగా పోసింది.

అప్పటికి నేను తెల్లగానే ఉండేదాన్ని. మాలో కలిసిన ఇనుప ఖనిజాలు తడికి తుప్పుపట్టాయి. ఆ తుప్పు సన్నటి బంకమట్టితో కలిసి ఒక్కొక్క రేణువుకీ పూత పూసింది. నన్ను భూతద్దం కింద పెట్టి చూడండి: గుంటల్లో ముదురు ఎరుపు, అంచుల్లో పలచటి ఎరుపు, పూత రాలిన చోట తెలుపు. మమ్మల్ని ఒకరికొకరం అంటుకుని నిలబడేలా చేసేది ఈ పూతే. అందుకే వాన కోసిన చోట నిలువు గోడలు లేచి, వాటి మధ్య మలుపులు తిరిగే లోయలు ఏర్పడ్డాయి.

1886లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త మా గురించి రాశాడు. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా ఇంతగా లేదంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో మమ్మల్ని జాతీయ భూవారసత్వ సంపదగా ప్రకటించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాం.

ఇంత గౌరవం దక్కినా భయం తీరలేదు. 2024లో దిబ్బల దగ్గరికి యంత్రాలు దిగి నేల తవ్వాయి. జనం గగ్గోలు పెట్టాకే ఆ పని ఆగింది. యంత్రం గీరిన చోట మా పూత విడిపోతుంది. ఆ తర్వాత పడే వానకి మట్టి కొట్టుకుపోతుంది. తిరిగి మమ్మల్ని పేర్చాలంటే మళ్ళీ సముద్రం దిగిపోవాలి, మళ్ళీ మంచుయుగం రావాలి.

నన్ను తెచ్చింది ఏ యంత్రమూ కాదు, విహారయాత్రకు వచ్చిన ఓ చిన్నపిల్ల. ఎరుపు ముద్దొచ్చి గుప్పెడు సీసాలో పోసుకుంది. తుని, అన్నవరం, పిఠాపురం దాటి సామర్లకోట జంక్షన్‌లో దిగాం. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ వచ్చినవాళ్ళంతా తలా ఓ గుప్పెడు పట్టుకుపోతే మా గోడలు ఎన్నాళ్ళుంటాయి?

ఈ ఊళ్ళో పంచారామాల్లో ఒకటైన కుమారారామం ఉంది. చాళుక్య భీముడు కట్టించి సుమారు 1100 ఏళ్ళయింది. రెండంతస్తుల ఎత్తున్న శివలింగానికి పై అంతస్తులో అభిషేకం చేసి దండం పెట్టుకుని వస్తారే గానీ, ఆ గోడ రాయి ఒకటి పెకలించి ఇంటికి తెచ్చుకోవాలని ఎవరికీ తోచదు. మా దిబ్బలు ఆ గుడికన్నా ఎన్నో రెట్లు పాతవి. గుడి గోడ పడితే శిల్పులు మళ్ళీ నిలబెట్టగలరు. మమ్మల్ని పేర్చే శిల్పి ఎవరూ లేరు.

మేం వట్టి అందానికి లేం. వాననీటిని మాలోకి ఇంకించుకుంటాం, సముద్రపు గాలికి అడ్డు నిలుస్తాం. అడ్డు లేక తీరం కోతపడితే ఏమవుతుందో ఇక్కడికి దగ్గర్లోని ఉప్పాడ వాళ్ళని అడగండి, ఇళ్ళు ఎక్కడుండేవో సముద్రంలోకి చెయ్యి చాచి చూపిస్తారు.

మా దిబ్బలకి తప్పకుండా రండి. పిల్లలకి మంచుయుగాన్ని కళ్ళారా చూపించండి. వెళ్ళేటప్పుడు చెప్పుల్లో దూరిన ఇసుకని కూడా అక్కడే దులిపి పోండి.